ఇంట్లో గిటార్ రికార్డింగ్ – 4వ పాఠం: ఇంటర్‌ఫేస్ కొనేముందు గిటార్ జాక్ చూడండి

ఈ వారం ప్లగిన్ల గురించి చెప్తానన్నాను. అది పక్కన పెడుతున్నాను. పోయిన పాఠం తర్వాత మీరు పంపిన రికార్డింగులన్నీ విన్నాను. సగానికి పైగా వాటిలో గిటార్ దుప్పటి కప్పి వాయించినట్టుంది. కొన్నిట్లో శబ్దం కుడి చెవిలోనే వస్తోంది. "చవకది కొన్నాను కదా మాస్టారూ, ఇంతేనేమో" అని బాధపడ్డారు. మీ ఇంటర్‌ఫేస్‌ (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) తప్పేం లేదు. "గిటార్‌ని ఇంటర్‌ఫేస్‌కి తగిలించండి" అని నేను ఒక్క ముక్కలో తేల్చేశాను. ఏ జాక్‌లో అన్నది చెప్పలేదు.

కుడి చెవి సంగతి సులువు. గిటార్ రెండో ఇన్‌పుట్‌లో ఉంది, ట్రాక్ స్టీరియోలో ఉంది. ట్రాక్‌ని మోనో చేసి ఇన్‌పుట్ 2 ఎంచుకోండి.

దుప్పటి సంగతే అసలు పాఠం. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు తిప్పిన వెంట్రుకంత రాగి తీగ. అందులోంచి వచ్చే సిగ్నల్ చాలా సున్నితం. డాబా మీది ట్యాంకు నుంచి సన్న పైపు దిగుతోందనుకోండి. కింద కుళాయి బార్లా తెరిస్తే ఆ పైపులో ఒత్తిడి పడిపోతుంది. కీబోర్డు, మిక్సర్ లాంటివి తగిలించే లైన్ ఇన్‌పుట్ అలా తెరిచిన కుళాయి. దాని ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కి అది చూపే అడ్డు, సుమారు 10 వేల ఓములు. గిటార్ కోసం చేసిన ఇన్‌పుట్‌ది సుమారు 10 లక్షల ఓములు. అది సిగ్నల్‌ని లాగేయకుండా ఉన్నది ఉన్నట్టు చదువుతుంది. పైగా స్వరం ఎత్తుకి వెళ్లేకొద్దీ పికప్ తీగ అడ్డు కూడా పెరుగుతుంది కాబట్టి, లైన్‌లో పెడితే ముందు పోయేది పై స్థాయి మెరుపే. మందపాటి ఇ తీగ బాగానే వినిపిస్తుంది, పిక్ తగిలిన చప్పుడు మాత్రం మాయమవుతుంది.

నా మొదటి ఇంటర్‌ఫేస్‌తో మూడు నెలల రికార్డింగులు ఇలాగే పోయాయి. ఈక్వలైజర్‌లో ట్రెబుల్ ఎంత పెంచినా 'స్స్' మనే రొద పెరిగింది గానీ ఆ మెరుపు తిరిగి రాలేదు. మీకు ఆ మూడు నెలలు పోకూడదు.

బెహ్రింగర్ యూఎమ్2 ఉన్నవాళ్లు ముందు వైపు చూడండి. ఒకటోది మైక్, లైన్ రెండింటికీ కలిపి ఇచ్చిన పెద్ద జాక్. గిటార్ పిన్ అందులోకి హాయిగా దూరుతుంది, చిక్కంతా అక్కడే. మీ జాక్ దాని పక్కన 'ఇన్‌స్ట్' అని రాసి ఉన్న చిన్నది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, 2ఐ2 అయితే 'ఇన్‌స్ట్' బటన్ నొక్కాలి. కొన్నిట్లో దాన్నే 'హై-జెడ్' అంటారు. ఇంకా కొననివాళ్లు ఈ రెండు మాటల్లో ఏదో ఒకటి పెట్టె మీద కనిపిస్తేనే కొనండి.

9 వోల్టుల బ్యాటరీ ప్రీయాంప్ ఉన్న ఎలక్ట్రో-అకౌస్టిక్‌కి ఈ బెడద లేదు, లైన్‌లో పెట్టినా నడుస్తుంది. పికప్ లేని అకౌస్టిక్‌కి మైక్ కావాలి. కండెన్సర్ మైక్ అయితే ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారానే మైక్‌కి అందే కరెంటు) కూడా ఉండాలి.

పెట్టె మీద 192 కిలోహెర్ట్జ్ అని రాసే శాంపిల్ రేటుకి (శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తుందన్న అంకె) డబ్బు పెట్టకండి. గిటార్ యాంప్ స్పీకర్ 6 కిలోహెర్ట్జ్ దాటితే దాదాపు పలకదు. నేను ఎప్పుడూ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లోనే చేస్తాను. గెయిన్ గట్టిగా వాయించినప్పుడు మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెడతాను. 3 మీటర్లు దాటిన కేబుల్ వాడను.

ఆ డబ్బు మంచి డ్రైవర్ (ఇంటర్‌ఫేస్‌ని కంప్యూటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) ఉన్నదానికి పెట్టండి. కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలుగా తీసుకుంటుంది, ఆ ముక్క సైజే బఫర్. అది 256 శాంపిళ్లు ఉంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర 5.3 మిల్లీసెకన్ల ఆలస్యం. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కలిపి దాదాపు 11. యాంప్‌కి మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టు, ఇబ్బంది ఉండదు. 1024 పెడితే చేయి, చెవి కలవవు. యూఎమ్2కి విండోస్‌లో ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసుకోవాలి. స్కార్లెట్‌కి కంపెనీ సొంత డ్రైవరే ఉంది, అందుకే చేతిలో డబ్బుంటే నా ఓటు దానికే.

అభ్యాసం: నాలుగు బార్ల రిఫ్ ఒకటి తీసుకోండి. ఇన్‌స్ట్‌లో పదిసార్లు, లైన్‌లో పదిసార్లు రికార్డ్ చేయండి. ప్రతిసారీ గెయిన్ మళ్లీ మైనస్ 12కి సర్దాలి, లేకపోతే పెద్దగా వినిపించేదే బాగుందనిపిస్తుంది. ఇరవై ఫైళ్లకీ పేర్లు తీసేసి, ఇంట్లో ఎవరినైనా కలగాపులగంగా ప్లే చేయమనండి. ఏది ఏదో కాగితం మీద రాయండి. పద్దెనిమిది సరిగ్గా చెప్పేదాకా రోజూ చేయండి. హెడ్‌ఫోన్స్‌తోనే వినండి, ఫోన్ స్పీకర్‌లో ఈ తేడా సరిగా తెలియదు.