మిర్చి పోయిన ఏడు మేడారం సమ్మక్క అమ్మ మీద నమ్మకం ఎట్ల నిలుపుకున్ననంటే

2021ల మేము నర్సంపేట దిక్కు రెండెకరాల తేజ మిర్చి పెట్టినం. చేను పూత మీద ఉండంగ నల్ల తామర పురుగు వచ్చింది. ఎన్ని మందులు కొట్టినా ఆగలే. పూత రాలింది, కాయ నిలువలే. ఎనుమాముల మార్కెట్ల బస్తాలు దించి బిడ్డ కాలేజీ ఫీజు కడదామనుకున్నోళ్లం, చేను దున్ని మక్క వేసినం. అసొంటి దెబ్బ తగిలినోళ్ల కోసమే ఇది రాస్తున్న.

మొదలు, "నేనేం పాపం జేసిన" అని వెతుకుడు బంద్ చెయ్యాలె. నన్ను ఈ మాటనే ఎక్కువ తిన్నది. గుంటూరుల, ఖమ్మంల గూడ అదే ఏడు అదే పురుగు పడ్డది. ఇన్ని ఊర్లోళ్లం ఒక్కపాలే పాపం జేసినమా? కారణం చెప్తమని పైసలడిగేటోళ్ల దగ్గరికి పోవద్దు.

ఇంట్ల మిగిలిన పురుగుల మందు డబ్బాలు ఆ రోజే బయటికి పంపాలె. నేను మా అన్న కొట్టంల పెట్టించి తాళం ఏపిచ్చిన. దేవుడు ముంగట ఏం రాసిండో చూడాలంటే ముందుగాల మనిషి ఉండాలె గదా. రాత్రిపూట మనసు ఆగకపోతే 14416కు ఫోన్ చెయ్యుండ్రి, టెలి మానస్ అంటరు, మనసు బాధ చెప్పుకునే సర్కారు లైను. పైసలు తీసుకోరు.

తర్వాత ఒక నోటుబుక్కు. ఎడమ పక్క నేను చేసేటియి: బ్యాంకుల గడువు అడుగుడు, వ్యవసాయ అధికారికి చేను చూపెట్టుడు, కౌలు పటేలుతోని మాట్లాడుడు. కుడి పక్క నా చేతుల లేనియి. పొద్దుగూకి దీపం పెట్టినంక కుడి పక్కది మాత్రమే అమ్మకు సదివి వినిపియ్యాలె. ఎడమ పక్కల ఒక్కటన్న తెల్లారి చెయ్యాలె. మొదటి నెల నేను అన్నీ అమ్మ మీదనే ఏసి కూసున్న, బ్యాంకు గడువు దాటిపోయింది. అది నమ్మకం గాదు, భయం.

మొక్కుకు అప్పు చెయ్యొద్దు. పంట మంచిగైతే నిలువెత్తు బంగారం ఇస్తనని మొక్కిన. మేడారంల బంగారం అంటే బెల్లం. పంట పాయె, జాతర వచ్చె. 2022 ఫిబ్రవరి 16 నుంచి 19 దాక. మా అత్తమ్మ అన్నది, "ఉన్నంతల ఇయ్యి బిడ్డా, అప్పుజేసి తెచ్చింది అమ్మ ముట్టది." ఐదు కిలోలు పట్టుకపోయినం.

జంపన్న వాగుల మునిగి, బేస్తారం సాయంత్రం జనంల నిలబడ్డం. చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వచ్చే పొద్దు అది. వచ్చేది విగ్రహం గాదు, కుంకుమ భరిణె. కాకతీయుల సైన్యంతోని కొట్లాడి, గాయమై అమ్మ గుట్ట దిక్కు పోయిందని పెద్దలు చెప్తరు. మనుషులు అమ్మ కోసం వెతికిండ్రు. అమ్మ దొరకలే, పుట్ట కాడ భరిణె దొరికింది. దాన్నే అమ్మ అనుకొని కండ్లకద్దుకున్నరు. సిన్నప్పటి నుంచి విన్న కథనే, గని ఆ రోజు నాకు ఏడుపాగలే. నేను ఇంకా మిర్చినే వెతుకుతున్న. ఏం దొరికిందో సూడనే లేదు.

ఇంటికి రాంగనే నోటుబుక్కు ఆఖరి పేజీల "దొరికినయి" అని రాసిన. రోజూ పండుకునే ముందు ఒక్కటి రాయాలె. మక్క చేతికొచ్చింది. మా తల్లిగారు ఒక బర్రెనిచ్చిండ్రు, పాల పైసలతోని ఇల్లు నడిసింది. బిడ్డ సర్కారు కాలేజీల చేరింది. ఇదంతా అమ్మ ముందుగాలనే అనుకున్నదేనా అంటే నాకు తెలువది. ఏమీ దొరకని రోజు పేజీ ఖాళీగనే ఇడిసిపెట్టుండ్రి, అమ్మ దగ్గర అబద్ధం రాయొద్దు.

ఈ పని దినాలల్ల కాదు, నెలలు పడ్తది. నా నోటుబుక్కుల కుడి పక్క ఇంకో మాట మిగిలే ఉన్నది. ఈ రాత్రి గూడ దీపం కాడ సదువుత.