మ్యూజియం అధ్యయన గదికి వెళ్లే దివ్యాంగ పాఠకులకు

విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియం వంటి, 1887లో శంకుస్థాపన జరిగిన పాత కట్టడమున్న చోట ఏదైనా పుస్తకాన్నో శాసనం నకలునో పరిశీలించదలచిన దివ్యాంగులు, బయలుదేరే ముందే అధికారులకు లేఖ రాసి, తమకు ఏది కావాలో, ఏ వసతి అవసరమో తెలపాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజా భవనాలపై ఇలాంటి వసతులు కల్పించే బాధ్యత పెట్టింది కనుక అడగడానికి మొహమాటం అక్కరలేదు. “నాకు వైకల్యం ఉంది” అంటే సరిపోదు. “నా చక్రాల కుర్చీ వెడల్పు 65 సెంటీమీటర్లు, ఒక్క మెట్టు కూడా ఎక్కలేను” అని రాస్తేనే సిబ్బందికి ఏం చేయాలో తెలుస్తుంది.

ర్యాంపు ఉందన్న మాటతో తృప్తిపడకుండా దాని వాలు కూడా అడగాలి: అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలి. బల్ల కింద మోకాళ్లు పట్టేంత ఖాళీ ఉందా అన్నది చాలామంది మరచిపోయే ప్రశ్న, కానీ గంటల తరబడి చదివేవారికి నా దృష్టిలో అదే అన్నిటికన్నా ముఖ్యం.

చూపు లేనివారు పుస్తకాన్ని తాము చదవగల రూపంలో కోరవచ్చు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం అందుకు వీలు కల్పించింది. అయితే బొమ్మగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను స్క్రీన్ రీడర్ (తెరపై ఉన్న అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) నేరుగా చదవలేదు కాబట్టి కంప్యూటర్‌తో అక్షరాలు గుర్తించిన ప్రతినే అడగాలి. పాత తెలుగు ముద్రణలను ఇలా గుర్తించేటప్పుడు ఒత్తులు తరచూ తప్పుగా వస్తాయి, అందువల్ల మూలంతో సరిచూసే తోడును వెంట తీసుకువెళ్లడానికి ముందే అనుమతి పొందాలి.