కాంపౌండ్ విల్లు బాణం తిన్నగా పోవడం లేదా? యారో రెస్ట్ నుంచి ట్యూనింగ్ దాకా సరిచేయడం ఎలా

బాణం విల్లు దాటగానే తోక ఊపుకుంటూ పోతోంది. 10 మీటర్లలో బాగానే గుచ్చుకుంటోంది, 30 మీటర్లకి వెళ్లేసరికి ఆరు బాణాలు ఆరు చోట్ల పడుతున్నాయి. ఇలాంటప్పుడు చాలామంది చెయ్యి ముందు అలెన్ కీ మీదికే పోతుంది. రెస్ట్‌ని (బాణం ఆనే ఆధారాన్ని) కాస్త ఎడమకి, కాస్త కుడికి, ఇంకాస్త పైకి తిప్పుతూ పోతారు. గంట గడిచేసరికి అది మొదట ఎక్కడుందో కూడా గుర్తుండదు. నిజానికి రెస్ట్‌ని జరపడం ఈ పనిలో చివరి అంచెల్లో ఒకటి. నాక్ (బాణం తోకన నారికి తగిలే గాడి) బిగువు, వేన్ల (తోక దగ్గరి రెక్కల) తగులుడు, రెస్ట్ తాడు పొడవు చూడకుండా రెస్ట్ జరిపితే ఒక తప్పుని ఇంకో తప్పుతో కప్పినట్టే. పేపర్‌లోంచి వేసి చూస్తే కొన్నాళ్లు బాగానే కనిపిస్తుంది, దూరం పెరగగానే బయటపడుతుంది.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు. బాణం పెట్టకుండా కాంపౌండ్ విల్లుని లాగి వదలకూడదు. బాణంలోకి పోవాల్సిన శక్తి అంతా లింబుల (విల్లు చేతుల) మీద, కామ్‌ల (వాటి కొసల్లోని చక్రాల) మీద పడి అవి పగలవచ్చు, నారి తెగవచ్చు. అలాగే నారిని గాని కేబుల్‌ని గాని విప్పాలన్నా, మెలి వేయాలన్నా బో ప్రెస్ (లింబుల్ని నొక్కి పట్టే యంత్రం) ఉండాల్సిందే. అది లేకపోతే ఆ పని తెలిసిన టెక్నీషియన్‌కి వదిలేయండి.

1. ఉన్నది ఉన్నట్టు రాసుకోండి

రెస్ట్ ఇప్పుడున్న చోట సన్నని పెన్సిల్ గీత గీయండి. నారికీ రైజర్‌కీ (విల్లు మధ్య భాగానికీ) మధ్య దూరం, అంటే బ్రేస్ హైట్, కొలవండి. ఒక కామ్ ఇరుసు నుంచి ఇంకో కామ్ ఇరుసుకి దూరం కొలవండి. ఈ రెండూ విల్లుతో వచ్చిన పుస్తకంలోని అంకెలకి దగ్గరగా లేకపోతే నారి గాని కేబుళ్లు గాని సాగాయని అర్థం. ముందు అది సరిచేయాలి. కొత్త నారి వేసిన విల్లు అయితే మొదటి వంద, రెండు వందల బాణాల దాకా అది కుదురుకుంటూనే ఉంటుంది. ఆలోపు సూక్ష్మంగా ట్యూన్ చేసినా నిలవదు.

ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మార్చింది రాయాలి. కనీసం మూడు బాణాలు వేశాకే దాని ఫలితం నమ్మాలి.

2. విల్లు కంటే ముందు బాణాన్ని చూడండి

ప్రతి కార్బన్ షాఫ్ట్‌నీ (బాణం కాడనీ) రెండు చేతులతో పట్టుకుని కొద్దిగా వంచి, తిప్పుతూ చెవి పెట్టి వినండి. చిటపటమన్నా, వేలికి పగులు తగిలినా ఆ బాణాన్ని పారేయండి. పగిలిన కార్బన్ బాణం వదిలేటప్పుడు చీలి విల్లు పట్టుకున్న చేతిలోకి దిగవచ్చు.

తర్వాత నాక్ బిగువు. బాణాన్ని నారికి తగిలించి మొన నేల వైపు ఉండేలా వేలాడదీయండి. దాని బరువుకి అది జారిపోకూడదు. పక్కన నారి మీద వేలితో ఒక్క చిటికె వేస్తే ఊడి పడాలి. గట్టిగా కొట్టినా ఊడకపోతే నాక్ బిగుతు, బాణాలు పైకీ కిందికీ చెదరడానికి ఇదొక్కటే చాలు. తనంతట తాను జారితే ఇంకా ప్రమాదం, లాగుతుండగా ఊడి ఉత్తి నారి వదిలినట్టవుతుంది. డి-లూప్ (నారికి కట్టే చిన్న తాడు ఉచ్చు) ముడులు నాక్‌ని నొక్కేస్తున్నాయేమో కూడా చూడండి. విల్లు పూర్తిగా లాగినప్పుడు నారి అక్కడ కోణంగా వంగుతుంది, అందుకే నాక్‌కీ ముడికీ మధ్య వెంట్రుకంత సందు ఉంచాలి.

షాఫ్ట్ బిగువు, అంటే స్పైన్, మీ డ్రా వెయిట్‌కీ (విల్లుని లాగడానికి పట్టే బలానికీ) బాణం పొడవుకీ సరిపోయేది అయ్యుండాలి. బాణం పొడవైనా, మొన బరువైనా, డ్రా వెయిట్ పెరిగినా షాఫ్ట్ మెత్తగా ప్రవర్తిస్తుంది. బాణం మొత్తం బరువు డ్రా వెయిట్‌లో ప్రతి పౌండుకి 5 గ్రెయిన్ల కంటే తగ్గొద్దు. 60 పౌండ్ల విల్లుకి అది 300 గ్రెయిన్లు, సుమారు 19.4 గ్రాములు. మీ విల్లు తయారీదారు ఇంకా ఎక్కువ అడిగితే ఆ లెక్కే ఖాయం.

3. రెస్ట్‌ని మొదటి చోటికి తీసుకురండి

విల్లుని వైస్‌లో నిలువుగా నిలబెట్టి, నారి మీద ఒకటి, బాణం మీద ఒకటి చిన్న రసమట్టాలు పెట్టండి. బాణం రైజర్‌లోని రెస్ట్ బిగించే రంధ్రం మధ్యగా పోవాలి. నాక్ దగ్గర సమంగా గాని, మహా అయితే 1/8 అంగుళం, అంటే 3 మి.మీ., ఎత్తుగా గాని ఉండాలి. పక్కకి చూస్తే రైజర్ లోపలి గోడ నుంచి షాఫ్ట్ మధ్యకి 13/16 అంగుళం, అంటే దాదాపు 20.6 మి.మీ. చాలా విల్లులకి ఇది మంచి మొదలు. పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పెట్టండి. బిగించే స్క్రూ వదులుగా లేదని ఇక్కడే నిర్ధారించుకోండి. రోజుకో రకంగా పడే బాణాల వెనక చాలాసార్లు సగం వదులైన స్క్రూ ఉంటుంది.

4. వేన్లు ఎక్కడైనా తగులుతున్నాయా?

ట్యూనింగ్‌లో ఎక్కువ సమయం వృథా అయ్యేది ఇక్కడే, కాబట్టి ఓపికగా చూడండి. పాదాలకి కొట్టే పొడి స్ప్రేని వేన్ల మీద, రెస్ట్ మీద, దగ్గరున్న కేబుల్ మీద పలుచగా కొట్టండి. రెండు నిమిషాలు ఆరనిచ్చి దగ్గర నుంచి ఒక బాణం వేయండి. లక్ష్యానికి వేన్లు తగిలితే పొడి అక్కడే రాలిపోయి మోసపోతారు, అందుకే బాణం వేన్ల దాకా దిగని దట్టమైన లక్ష్యం కావాలి.

ఇప్పుడు వెలుతురులో చూడండి. రెస్ట్ నాలుక (బాణాన్ని మోసే భాగం; డ్రాప్-అవే రకంలో వదలగానే కిందికి పడుతుంది) కొసన తెల్లపొడి మధ్యలో సన్నటి నల్ల గీత, కింది వేన్ అంచున దానికి జోడుగా బియ్యపుగింజంత మేర పొడి రాలి ఉంటే, రెస్ట్ సమయానికి కిందికి దిగడం లేదు. వేన్ మొత్తం పొడవునా తుడిచినట్టుంటే అది అసలు దిగనే లేదు. కేబుల్ వైపు వేన్ మీద గుర్తుంటే నాక్‌ని కొద్దిగా, 10 నుంచి 15 డిగ్రీలు తిప్పి మళ్లీ వేయండి. నాలుక కింద పడి ఎగిరి వచ్చి కొట్టే సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు గుర్తు వేన్ వెనక భాగంలో కనిపిస్తుంది. నాలుక పడే చోట అంటించిన మెత్తని ఫెల్ట్ అరిగిపోయిందేమో చూసి మార్చండి.

5. డ్రాప్-అవే రెస్ట్ తాడు

బాణం వదలగానే నాలుక కిందికి పడిపోయే ఈ రెస్ట్‌లలో రెండు రకాలు. మీది ఏదో తెలియకుండా తాడు ముట్టుకోవద్దు, రెంటికీ చికిత్స తలకిందులు.

కేబుల్‌కి కట్టే రకంలో, లాగేటప్పుడు కిందికి వెళ్లే కేబుల్ తాడుని లాగి నాలుకని పైకి లేపుతుంది. లాగుడు పూర్తవడానికి ఇంకా 1 నుంచి 2 అంగుళాలు ఉండగా నాలుక పూర్తిగా లేవాలి. తాడు పొట్టిదైతే ముందే లేస్తుంది, వదిలాక అంతసేపూ పైనే ఉండి వేన్లని కొడుతుంది. మరీ బిగుతైతే కేబుల్‌నే లాగి పట్టి, కామ్‌ల వరస చెడగొడుతుంది. తాడు పొడవైతే నాలుక పూర్తిగా లేవదు, బాణం సగం ఎత్తులోనే ఊగుతుంది.

లింబ్‌కి కట్టే రకంలో విల్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు తాడే నాలుకని కిందికి పట్టి ఉంచుతుంది. లాగగానే లింబ్ వంగి తాడు వదులవుతుంది, స్ప్రింగ్ నాలుకని లేపుతుంది. ఇక్కడ తాడు పొడవైతే నాలుక కిందికి పూర్తిగా దిగదు, పొట్టిదైతే పైకి పూర్తిగా లేవదు.

మీరు లాగుతుంటే పక్కన ఇంకొకరు చూడాలి, లేదా ఫోన్‌తో స్లో మోషన్‌లో తీయాలి. తాడుని ఒకసారికి 2 మి.మీ. కంటే ఎక్కువ జరపొద్దు. కుదిరాక కేబుల్ మీద ముడికి పైనా కిందా మార్కర్‌తో చుక్కలు పెట్టండి. నెల తర్వాత ముడి చుక్క దాటి జారిందంటే అసలు దొంగ దొరికినట్టే.

బ్రష్ రకం రెస్ట్ వాడేవారు కింది కుచ్చు అరిగి బాణం దిగిందేమో చూడాలి. బ్లేడ్ రకంలో ఒంపు దగ్గర పగులు వెతకాలి. సన్నని, తేలికైన బాణానికి 0.008 లేదా 0.010 అంగుళాల బ్లేడ్, బరువైనదానికి 0.012 మొదట పెట్టి చూడండి.

6. పేపర్‌లోంచి వేయండి

రెండడుగుల చట్రానికి పేపర్ బిగించి, భుజం ఎత్తున పెట్టండి. మీరు 6 అడుగుల దూరంలో నిలబడండి. పేపర్ వెనక బాణం పూర్తిగా బయటికి వచ్చేంత ఎడం వదిలి లక్ష్యం ఉంచండి. మొన చేసేది గుండ్రటి రంధ్రం, వేన్లు చేసేవి మూడు చీలికలు. రంధ్రం చుట్టూ చీలికలు సమంగా ఉంటే బాణం తిన్నగా పోతోంది.

చిరుగు ప్రతిసారీ ఒకే వైపుకి ఉంటేనే విల్లుని ముట్టుకోండి. ఒకసారి ఎడమకి, ఇంకోసారి కుడికి చిరిగితే అది విల్లు తప్పు కాదు, పట్టు తప్పు. గ్రిప్ బొటనవేలి కింది కండ మీద ఆనాలి, వేళ్లు వదులుగా ఉండాలి.

చీలికలు రంధ్రానికి పైన ఉంటే తోక ఎత్తుగా పోతోంది. రెస్ట్‌ని పైకి గాని, నాక్ చోటుని (నారి మీద నాక్ తగిలించే చోటుని) కిందికి గాని జరపండి. చీలికలు కింద ఉంటే దీనికి వ్యతిరేకం. ఎంత జరిపినా తోక ఎత్తు పోకపోతే మళ్లీ 4వ అంచెకి వెళ్లండి, ఏదో తగులుతోంది.

పక్క చిరుగుల దగ్గర ఎటు జరపాలో ఒకే సూత్రం అన్ని విల్లులకీ పని చేయదు. షాఫ్ట్ బిగువు, కామ్ వాలు, పట్టు అన్నీ అక్కడ కలుస్తాయి. అందుకే రెస్ట్‌ని 1/32 అంగుళం, అంటే 0.8 మి.మీ. ఒక వైపు జరిపి చూడండి. చిరుగు తగ్గితే అదే దారి, పెరిగితే వెనక్కి. మొదటి చోటు నుంచి 1/8 అంగుళం దాటినా తగ్గకపోతే ఆపేయండి, కారణం రెస్ట్‌లో లేదు. పై కామ్ ఒక పక్కకి ఒరిగిందేమో చూడండి. చీలిన కేబుల్, అంటే యోక్, ఉన్న విల్లులో తోక ఎడమకి పోతుంటే ఎడమ పాయకి అర మెలి ఎక్కించి, కుడి పాయకి అర మెలి తగ్గిస్తారు. కుడికైతే దీనికి తలకిందులు. రెండు కామ్‌ల విల్లులో రెండు స్టాపులూ (లాగుడుని అక్కడితో ఆపే భాగాలు) ఒకేసారి తగలాలి. డ్రా బోర్డ్ (విల్లుని మెల్లగా లాగి పట్టి ఉంచే బల్ల) మీద ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

7. వేన్లు లేని బాణంతో, తర్వాత దూరంతో

పేపర్ బాగున్నాక వేన్లు లేని రెండు షాఫ్ట్‌లు తీసుకుని ముందు 10 మీటర్లలో, తర్వాత 18 మీటర్లలో వేన్లున్నవాటితో కలిపి వేయండి. ఉత్తి షాఫ్ట్ పైన గుచ్చుకుంటే నాక్ చోటు పైకి, కింద గుచ్చుకుంటే కిందికి. వేన్లు దాచిపెట్టిన తప్పుని ఇది దాచదు, అందుకే పేపర్ కంటే దీనికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

చివరగా లక్ష్యం పైభాగంలో ఒక చుక్క పెట్టి, దాని కిందికి నిలువు గీత గీయండి. సైట్‌లో 20 గజాలకి పెట్టిన గురి పిన్‌తోనే ఆ చుక్కకి గురిపెట్టి 20, 30, 40 గజాల నుంచి వేయండి. బాణాలు కిందికి దిగుతూ పోవాలి, కానీ గీత మీదే దిగాలి. దూరం పెరిగేకొద్దీ ఎడమకి జరుగుతుంటే రెస్ట్‌ని కుడికి, కుడికి జరుగుతుంటే ఎడమకి, ఈసారి అర మిల్లీమీటరు చొప్పున జరపండి. సైట్ మీది రసమట్టం బుడగ ప్రతి బాణానికీ మధ్యలో ఉండాలి, లేకపోతే విల్లు వాలినందుకు పడ్డ తేడాని రెస్ట్ మీద వేస్తారు.

గీత నిలువుగా వచ్చాక స్క్రూలకి ఊడదీయగలిగే నీలం రకం థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వేసి బిగించండి. పాత పెన్సిల్ గీత చెరిపి కొత్తది గీయండి. బ్రేస్ హైట్, నాక్ ఎత్తు, రెస్ట్ దూరం, తాడు చుక్కల చోటు ఒక కాగితం మీద రాసి విల్లు పెట్టెలో ఉంచండి. నారి మార్చిన ప్రతిసారీ ఆ అంకెలతో పోల్చి, 5వ అంచె నుంచి మళ్లీ చూసుకోండి.