మంచాన పడ్డ పెద్దవాళ్లను ఇంట్లో ఎలా చూసుకోవాలి?

"ఇక ఇంటికి తీసుకెళ్లండి" అని డాక్టర్ అన్నాక చాలా ఇళ్లలో చేసే మొదటి పని, మంచాన్ని వెనక గదిలో వేసేయడం. అలా చేయకండి. ముందు గదిలోనో వసారాలోనో వేయండి, వీధి కనబడాలి, వచ్చేపోయేవాళ్లు పలకరించాలి. బాత్రూం దూరమైతే కమోడ్ కుర్చీ కొనండి, చాటుకి ఒక కర్టెన్ చాలు.

తర్వాత నొప్పి సంగతి. వయసు మీద పడ్డాక ఇవన్నీ మామూలేలే అని వదిలేయొద్దు. సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంతుందో రోజూ అడిగి రాసి పెట్టండి, చెప్పలేని స్థితిలో ఉంటే పక్కకి తిప్పేటప్పుడు మొహం చిట్లిస్తున్నారేమో చూడండి. డాక్టర్ మార్ఫిన్ మాత్ర రాస్తే కంగారు పడకండి, క్యాన్సర్ లాంటి తీవ్రమైన నొప్పికి అది సరైన మందే, కాకపోతే నొప్పి వచ్చేదాకా ఆగకుండా చెప్పిన టైముకే వేయాలి. దాంతో మలబద్ధకం దాదాపు ఖాయం, విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా అప్పుడే రాయించుకోండి. తెలంగాణలో అయితే ప్రభుత్వ 'ఆలన' వాహనంలో నర్సులు ఇంటికే వచ్చి చూస్తారు, మీ ఏరియా ఆశా కార్యకర్తని అడగండి.

రెండు గంటలకోసారి పక్క మార్చండి, ఎయిర్ బెడ్ ఉన్నా సరే. నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద ఎర్రబడితే రుద్దకుండా అక్కడ బరువు పడకుండా చూసి, నర్సుకి చూపించండి. తిండి కూర్చోబెట్టే పెట్టాలి, వద్దంటే బలవంతం వద్దు.

ఇక మనుషుల సంగతి, అందరూ మర్చిపోయేది ఇదే. ముందు కళ్లజోడు, చెవి మిషన్ పెట్టండి, అవి లేక అయోమయంగా చూస్తుంటే మతిపోయిందని మనమే తేల్చేస్తాం. "అయ్యో, ఇలా అయిపోయావేంటి" అని ఏడ్చే చుట్టాలకి గుమ్మం దగ్గరే చెప్పండి, ఊరి కబుర్లు మాట్లాడమని. పొలం కౌలు, మనవరాలి సంబంధం, ఇవాళ్టి కూర, ఏదైనా సరే వాళ్లనీ అడగండి, వాళ్ల తలమీదుగా మనలో మనం మాట్లాడుకోవద్దు.

చాకిరీ అంతా కోడలి మీదే వేస్తే ఆ మనిషీ మంచం పడుతుంది. డబ్బు పంపే కొడుకైనా సరే, వచ్చినప్పుడు రాత్రిళ్లు తనే మేలుకోవాలి. ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఉంటుంది. నొప్పి అర్ధరాత్రే ఎక్కువైతే ఎవరిని పిలవాలో మీవాళ్లని చూసే నర్సునో డాక్టర్నో ముందే అడిగి, ఆ నంబరు మంచం పక్క గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసి పెట్టుకోండి.