సివిలైజేషన్ 2లో జానపద లోకం: సినారియో మొరాయిస్తే ఎక్కడ చూడాలి

మైక్రోప్రోస్ 1996లో తెచ్చిన సివిలైజేషన్ 2 అనే రాజ్యాలు కట్టే కంప్యూటర్ ఆటకి సొంత సినారియోలు (సొంత మ్యాప్, కథ, నియమాలతో ఆడే ఆటలు) అల్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ సూచనలు 1998 నాటి మల్టీప్లేయర్ గోల్డ్ ఎడిషన్‌కి సరిపోతాయి. ఉదాహరణకి మనందరికీ తెలిసిన జానపద కథనే తీసుకుందాం: మాంత్రికుడు, రాకుమారుడు, రెక్కల గుర్రం, ఏడు సముద్రాల అవతల మర్రితొర్రలో చిలుక, ఆ చిలుకలో మాంత్రికుడి ప్రాణం.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. రూల్స్ ఫైల్‌లో (యూనిట్లు అనే కదిలే బలగాల, విద్యల గుణాలు రాసి ఉండే ఫైల్) ఆట చూసేది వరుసని, అంటే ఎన్నో లైన్ అన్నదాన్ని. ఈవెంట్స్ ఫైల్‌లో (ఏది జరిగితే ఏం కావాలో రాసే ఫైల్) చూసేది పేరుని. సినారియోల తలనొప్పుల్లో చాలావాటికి మూలం ఇక్కడే దొరుకుతుంది.

ఇంకో మాట. పేరు టైప్ చేసే పెట్టె తెరుచుకునే చోట ఆట మూసుకుపోతుంటే, తప్పు మీ ఫైళ్లది కాదు. 64 బిట్ విండోస్‌తో ఈ పాత ఆటకి పడని చోటు అది. అభిమానులు చేసిన ప్యాచ్ వేసుకుని, ఆ తర్వాతే మీ ఫైళ్ల జోలికి వెళ్లండి.

ఒక్క ఈవెంట్ కూడా జరగడం లేదు

ఫైల్ పేరు చూడండి. విండోస్ ఎక్స్‌టెన్షన్లని దాచిపెడుతుంది కాబట్టి, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన ఫైల్‌కి చివరన టీఎక్స్‌టీ రెండుసార్లు పడి ఉండొచ్చు. ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకుని సరిచేయండి.

పేరు బాగానే ఉంటే, మీరు పాత సేవ్ నుంచి ఆడుతున్నారేమో చూసుకోండి. ఈవెంట్లు సేవ్ ఫైల్‌లోకి ఎక్కిపోతాయి. ఆ తర్వాత ఈవెంట్స్ ఫైల్‌ని ఎంత మార్చినా ఆ సేవ్‌కి తెలియదు. మార్చిన ప్రతిసారీ ఈవెంట్లు ఎక్కని సినారియో కాపీ నుంచి మొదలుపెట్టాలి. అలాంటి కాపీ ఒకటి విడిగా దాచుకోవడం చాలా అవసరం.

ఒక్క ఈవెంటే పనిచేయకపోతే మాత్రం అందులోని యూనిట్ పేరునీ రాజ్యం పేరునీ రూల్స్ ఫైల్‌లోని పేర్లతో అక్షరం అక్షరం పోల్చండి. తెలుగు పేర్లని రోమన్‌లో రాసేటప్పుడు ఒకచోట హెచ్ పెట్టి ఇంకోచోట మానేయడం మనకి అలవాటే. ఆటకి అవి రెండు వేరు పేర్లు. అన్నట్టు, తెలుగు లిపిని ఈ ఆట చూపించలేదు. రోమన్‌లోనే రాసి, ఫైల్‌ని ఆన్సీ ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయండి.

సందేశం వచ్చింది, రాక్షసులు మాత్రం దిగలేదు

దాదాపుగా ఇది గడి నంబర్ల తప్పే. ఈ మ్యాప్‌లో ఏ గడికైనా రెండు అంకెలూ సరిసంఖ్యలు అయ్యుండాలి, లేదా రెండూ బేసి అయ్యుండాలి. 40,22 ఉంది. 41,23 ఉంది. 41,22 అనే గడి అసలు లేనే లేదు. గడి సరైనదే అయినా, అందులో శత్రువు నిలబడి ఉంటే యూనిట్ దిగదు. అందుకే ఒక్క చోటుతో సరిపెట్టకుండా నాలుగైదు గడులు ఇవ్వండి. పది దాకా ఇవ్వొచ్చు.

చిలుక చచ్చింది, మాంత్రికుడు మాత్రం క్షేమం

సినారియోకి ప్రాణమే ఈ ఘట్టం. కాబట్టి దీని మీద ఎంత సమయం పెట్టినా తక్కువే.

చిలుక చస్తే మాంత్రికుడి రాజ్యం కూలిపోవాలని యూనిట్‌కిల్డ్ ఈవెంట్ రాస్తారు, దాని కింద డెస్ట్రాయ్ ఎ సివిలైజేషన్ ఆదేశం ఇస్తారు. అంతా సరిగ్గానే ఉంటుంది. రాకుమారుడు వచ్చి కొడతాడు, గడి ఖాళీ అవుతుంది, ఏమీ జరగదు.

ఎందుకంటే చిలుకకి కాపలాగా అదే గడిలో రాక్షసుల్ని పెట్టారు. దాడి జరిగినప్పుడు ఆ గడిలో అందరికన్నా గట్టిగా నిలబడగల యూనిట్ ఎదురొస్తుంది. అది ఓడిపోతే మిగతావన్నీ దానితోపాటే పోతాయి. కానీ ఈవెంట్ లెక్కలోకి వచ్చేది ఎదురొచ్చి ఓడిన యూనిట్ ఒక్కటే. చిలుక చచ్చిన సంగతి ఈవెంట్‌కి అందదు.

ఆ గడిలో కోట కట్టండి. కోటలో ఉన్న యూనిట్లు ఒక్కొక్కటిగానే చస్తాయి. చిలుకకి రక్షణ బలం 1 ఇస్తే రాక్షసులంతా కూలాక చివరికి అదే ఎదురొస్తుంది, ఈవెంట్ పేలుతుంది. కథలో క్రమం కూడా ఇదే కదా! కోట రక్షణని రెట్టింపు చేస్తుంది కాబట్టి కాపలావాళ్ల బలం కాస్త తగ్గించండి.

దాడి చేసినవాడి చోట రాకుమారుడి రాజ్యం పేరు రాయకండి. వేరే రాజ్యం ముందే చిలుకని చంపేస్తే కథ అక్కడే ఆగిపోతుంది. 'ఎనీబడీ' అని రాయండి. చిలుకకి కదలిక 0 ఇచ్చి, సొంత ఊరు లేకుండా పుట్టించండి. ఊరికి కట్టేస్తే, పోషించలేని రోజున కంప్యూటర్ దాన్ని రద్దు చేసేయొచ్చు.

రెక్కల గుర్రం గాల్లోనే మాయమవుతోంది

దాన్ని విమానాల తరగతిలో పెట్టారు. రేంజ్ 1 అంటే ప్రతి టర్న్‌లో ఊరికి తిరిగి రావాలి, 2 అంటే రెండో టర్న్‌కల్లా. రాకపోతే కూలిపోతుంది. రేంజ్ 0 పెడితే హెలికాప్టర్ లాగా ఊరి బయట ఉన్నంతసేపూ దెబ్బతింటూ ఉంటుంది. పైగా విమానం తరగతిలోని యూనిట్‌ని నేల మీది మామూలు సైన్యం కొట్టలేదు. ఒక్క గుర్రం దారికి అడ్డంగా ఆగితే అంతే సంగతులు.

నన్నడిగితే రెక్కల గుర్రాన్ని నేల యూనిట్‌గానే ఉంచి, ఏ నేలనైనా రోడ్డులా దాటే ఫ్లాగ్ (రూల్స్ ఫైల్‌లో యూనిట్ లైన్‌లో ఉండే 0, 1 అంకెల్లో ఒకటి) ఇవ్వడం మేలు: 000001000000000. ఫ్లాగులని కుడి నుంచి ఎడమకి లెక్కపెట్టాలి, ఇది పదోది. సముద్రం దాటించి తీరాలనుకుంటే విమానంగానే ఉంచండి, విలుకాళ్లకి అయిదో ఫ్లాగ్ ఇవ్వండి: 000000000010000. అప్పుడు వాళ్లు దాన్ని కొట్టగలరు.

దండకారణ్యంలో రైలు పట్టాలు

రైల్‌రోడ్ విద్యకి 'గంధర్వ విద్య' అని పేరు మార్చారు. పేరు మారినా ఆ వరుసలోని గుణం మారదు. నేర్చుకున్న రోజునే పట్టాలు వేసుకోవచ్చు. అలాగే బ్రిడ్జ్ బిల్డింగ్ వరుస నది మీద రోడ్డు వేయనిస్తుంది, ఫిలాసఫీ వరుస మొదట నేర్చుకున్నవాడికి ఇంకో విద్య ఉచితంగా ఇస్తుంది. లైన్ చివర సెమికోలన్ తర్వాతి మూడక్షరాల కోడ్‌ని మార్చినా లాభం లేదు, ఆట దాన్ని చదవదు.

రైల్‌రోడ్ వరుసకి ముందు కావాల్సిన విద్యలు రెండింటి చోటా 'నో' అని పెట్టి వదిలేయండి, గంధర్వ విద్యకి వేరే వరుస వాడుకోండి. 'నో' అంటే ఎప్పటికీ దొరకదని, 'నిల్' అంటే ముందు ఏదీ అక్కర్లేదని. మంత్రవిద్య పరిశోధన జాబితాలోకి ఎంతకీ రాకపోతే ఈ రెండూ తారుమారయ్యాయేమో చూడండి.

బొమ్మ చుట్టూ గులాబీ అంచు, డాలు ఎక్కడో గాల్లో

అంచులని మెత్తబరిచే బ్రష్‌తో గీశారు. పారదర్శకం కావాల్సిన రంగు పక్క రంగుతో కలిసిపోయింది. గట్టి పెన్సిల్‌తో గీసి, ఆట అసలు ఫైల్‌లోని 256 రంగుల పాలెట్‌తోనే జిఫ్‌గా సేవ్ చేయండి. యూనిట్ ఏ రాజ్యానిదో చూపే డాలు చోటుని చెప్పేవి 64×48 గడి అంచు గీతల మీద ఉండే చిన్న నీలి చుక్కలు: పై గీత మీద ఒకటి, ఎడమ గీత మీద ఒకటి. బొమ్మ అతికించేటప్పుడు అవి చెరిగిపోతే మళ్లీ పెట్టండి.