క్యాసినో చేతులు మారుతోందా? చిప్స్, పాయింట్లు, ఉద్యోగం విషయంలో ముందే చూసుకోవాల్సినవి

లాస్ వెగాస్‌లో ఫలానా క్యాసినో అమ్మేశారట అని వార్త రాగానే రెగ్యులర్‌గా ఆడేవాళ్లకు పాయింట్ల బెంగ, ఫ్లోర్ మేనేజర్లకు ఉద్యోగం బెంగ మొదలవుతుంది. అమ్మకం జరిగిన తేదీ చూసి కంగారుపడటం దండగ. నడిపే కంపెనీ ఎప్పుడు మారుతుంది, పాయింట్లు లెక్కపెట్టే ప్లేయర్స్ కార్డు సిస్టమ్ ఎప్పుడు మారుతుంది అన్నవే అసలు తేదీలు.

అమ్మింది ఏమిటో ముందు తేల్చుకోండి. స్ట్రిప్ (వెగాస్‌లో పెద్ద క్యాసినోలున్న వీధి) మీద చాలా క్యాసినోలకు స్థలం, భవనం ఒకరివి, నడిపే లైసెన్సు మరొకరిది. 2022 ఏప్రిల్‌లో క్యాసినో భవనాలు అద్దెకిచ్చే ఎంజీఎం గ్రోత్ ప్రాపర్టీస్‌ను అలాంటిదే అయిన వీచీ ప్రాపర్టీస్ కొనేసినప్పుడు మారింది ఇంటి ఓనరే, అద్దెకున్నవాళ్లు కాదు. ఆడేవాళ్లకు ఏమీ తేడా తెలియలేదు. రియో క్యాసినో 2019లో అమ్ముడైనా 2023 అక్టోబరు దాకా పాత కంపెనీ సీజర్సే నడిపింది. కాస్మోపాలిటన్ క్యాసినోను ఎంజీఎం కంపెనీ 2022 మేలో తీసుకుంటే, "ఐడెంటిటీ" అనే పాత పాయింట్ల కార్డు పోయి ఎంజీఎం రివార్డ్స్ వచ్చింది 2024 ఫిబ్రవరిలో. మిరాజ్‌ది ఇంకో దారి: 2022 డిసెంబరులో హార్డ్ రాక్ చేతికి వెళ్లింది, 2024 జులై 17న మూతపడింది. కాబట్టి హోస్ట్‌ని (రెగ్యులర్‌గా ఆడేవాళ్లను చూసుకునే క్యాసినో ఉద్యోగిని) అడగాల్సింది "ఎవరు కొన్నారు?" అని కాదు, "ఈ కార్డు ఏ రోజు దాకా పనిచేస్తుంది?" అని.

ఆడేవాళ్లు మొదట చూసుకోవాల్సింది చిప్స్, అంటే టేబుల్స్ మీద డబ్బుకు బదులు వాడే బిళ్లలు. పోయినసారి ట్రిప్‌లో మిగిలి సూట్‌కేసు జేబులోనో షోకేసులోనో పడున్నవి బయటకు తీయండి. పాత చిప్స్ ఆపేసేటప్పుడు వాటిని ఎలా మార్చి ఇస్తారో ప్లాన్ రాసి రెగ్యులేటర్‌కు ఇవ్వాలని, కనీసం 120 రోజులు గడువు ఉంచాలని నెవాడా రూల్. నోటీసు అక్కడి పేపర్లో వేస్తారు, కేజ్ (క్యాసినోలో డబ్బు, చిప్స్ మార్చే కౌంటర్) దగ్గర అంటిస్తారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ల కంట అది పడే అవకాశం తక్కువ. గడువు దాటితే ఆ చిప్స్ కలెక్టర్లకు తప్ప ఎవరికీ పనికిరావు. వెగాస్ వెళుతున్న ఫ్రెండ్ చేతికిచ్చి పంపితే సరిపోతుందనుకోకండి. అక్కడ ఆడని మనిషి తెచ్చిన చిప్స్‌కి కేజ్ డబ్బివ్వనక్కర్లేదు, పెద్ద చిప్స్ అయితే ఐడీ అడిగి ఆట రికార్డు కూడా చూస్తారు. స్లాట్ టికెట్ల మీద గడువు తేదీ ప్రింటయి ఉంటుంది. వాటిని పర్సులో దాచుకోకుండా ఆ రోజే మార్చేయండి.

పాయింట్ల సంగతి వేరు. చిప్ అంటే క్యాసినో మీకు బాకీ ఉన్న డబ్బు. పాయింట్లు మాత్రం కంపెనీ ఎప్పుడైనా మార్చుకోగల ఆఫర్, ఆ మాట రూల్స్‌లో చిన్న అక్షరాలతో రాసే ఉంటుంది. కొత్త సిస్టమ్‌లోకి పాయింట్లు వస్తాయని చెప్పినా, ఏ రేటున వస్తాయో కాగితం మీద చూసేవరకు నమ్మకండి. భోజనానికో ఫ్రీ ప్లేకో వాడేయడమే మేలు. వాడకూడదనుకుంటే బ్యాలెన్స్, టియర్ (మెంబర్‌షిప్ స్థాయి) కనిపించేలా తేదీతో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పాయింట్ల కన్నా ముఖ్యమైనదీ చాలామంది మరిచిపోయేదీ విన్-లాస్ స్టేట్‌మెంట్, అంటే ఏడాదిలో ఎంత గెలిచారో ఎంత పోయిందో క్యాసినో ఇచ్చే లెక్క. ట్యాక్స్‌లో నష్టాలు చూపించుకోవడానికి అది పనికొస్తుంది. పాత సైట్ మూసేశాక దాన్ని తెప్పించుకోవడం పెద్ద తలనొప్పి, అందుకే ఉన్నన్ని సంవత్సరాలవీ ముందే డౌన్‌లోడ్ చేయండి. ఇండియా నుంచి చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకు స్లాట్‌లో జాక్‌పాట్ తగిలి 30 శాతం ట్యాక్స్ పట్టుకుంటే, ఎంత పట్టుకున్నారో చూపే 1042-ఎస్ ఫారం కేజ్ దగ్గరే అడిగి తీసుకోండి.

మార్కర్ (క్యాసినో దగ్గర తీసుకునే అప్పు) మీద ఆడినవాళ్లకు ఓనర్ మారితే అప్పు మాఫీ కాదు. నెవాడాలో మార్కర్ అంటే చెక్కే, కట్టకపోతే క్రిమినల్ కేసు దాకా వెళ్లొచ్చు. బాకీ పాతవాళ్ల దగ్గరే ఉందా, కొత్తవాళ్లకు బదిలీ అయిందా అని రాతపూర్వకంగా అడిగి తెలుసుకుని కట్టి రసీదు తీసుకోండి. కేజ్‌లో ముందుగా డిపాజిట్ చేసిన డబ్బుంటే మార్పుకు ముందే వెనక్కి తీసుకోవడం తేలిక. ప్రోగ్రెసివ్ జాక్‌పాట్ (ఆడేకొద్దీ పెరిగే బహుమతి) మీటర్‌ను మాత్రం క్యాసినో తన ఇష్టానికి సున్నా చేయలేదు. మిరాజ్ మూసే ముందు వారంలో దాదాపు 16 లక్షల డాలర్లు డ్రాలు తీసి ఆడేవాళ్లకు పంచింది ఇందుకే.

ఇక మేనేజర్ల విషయం. చేతులు మారే రాత్రి అన్నిటికన్నా గొడవ పెట్టేది చిప్స్ లెక్క. ఉదాహరణకు పుస్తకాల ప్రకారం 50 లక్షల డాలర్ల చిప్స్ ఉన్నాయనుకోండి. వాల్ట్, కేజ్, టేబుల్ ట్రేలు అన్నీ కలిపి లెక్కిస్తే 46,20,000 వచ్చాయి. తేడా 3,80,000 బయట జనం జేబుల్లో ఉన్నట్టు. రేపు వాళ్లు మార్చుకోవడానికి వస్తే కట్టాల్సింది కొన్నవాడు, కాబట్టి ఆ మొత్తం ధరలో తగ్గించమంటాడు. లెక్క తప్పేది ఎక్కువగా ఫిల్స్ (కేజ్ నుంచి టేబుల్‌కు పంపే చిప్స్) దగ్గర. బ్లాక్‌జాక్ టేబుల్‌కు 5,000 డాలర్ల చిప్స్ కేజ్ నుంచి బయల్దేరాయి, టేబుల్ లెక్క అప్పటికే అయిపోయింది. ఆ చిప్స్ రెండుచోట్లా కనిపించవు, బాకీ 5,000 పెరిగినట్టు తేలుతుంది. టేబుల్ నుంచి కేజ్‌కి తిరిగొచ్చే క్రెడిట్ అయితే ఉల్టా: టేబుల్ దగ్గరా కేజ్‌లోనూ లెక్కకొచ్చి బాకీ తగ్గినట్టు కనిపిస్తుంది. అరగంట ముందే ఫిల్స్, క్రెడిట్స్ రెండూ ఆపేయండి. తప్పనిసరైతే స్లిప్ నంబరు ఇరుపక్షాల వాళ్లూ రాసుకోవాలి. వారం మధ్యలో, తెల్లవారుజామున టేబుల్స్ తక్కువ తెరిచి ఉన్నప్పుడు పెట్టుకుంటే పని సులువు. ప్రతి ట్రేకీ డీలర్, సూపర్‌వైజర్ ఇద్దరి సంతకాలూ ఉండాలి, ప్రోగ్రెసివ్ మీటర్లన్నిటికీ టైమ్‌తో ఫోటో ఉండాలి. దొంగ చిప్స్ వస్తే మార్చడానికి సీల్ వేసి దాచిన రిజర్వ్ సెట్‌ను లెక్కించడం మర్చిపోతుంటారు, అదీ చూడండి.

టేబుల్ దగ్గర "నా పాయింట్లు పోతాయా?" అని అడిగితే "ఏం కాదు సార్" అనొద్దు. "ఫలానా తేదీ దాకా ఈ కార్డు పనిచేస్తుంది సార్, ఆ తర్వాతి సంగతి రాతలో రాగానే చెబుతాను" అనండి. ఊరికే ధైర్యం చెబితే అది తర్వాత కంప్లయింట్‌గా తిరిగొస్తుంది.

మీ సొంత లెక్కా చూసుకోండి. 100 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీ పెద్ద ఎత్తున తీసేయాలంటే 60 రోజుల ముందు నోటీసివ్వాలి. అమ్మకం రోజు వరకు ఆ బాధ్యత అమ్మేవాడిది, తర్వాత కొన్నవాడిది. కలినరీ యూనియన్ (వెగాస్ హోటల్ కార్మికుల సంఘం) కాంట్రాక్టు హౌస్‌కీపింగ్, వంటగది వాళ్లను కాపాడుతుంది గానీ మేనేజర్లు అందులోకి రారు. అందుకే మిగిలిన సెలవులకు డబ్బు ఎవరిస్తారు, 401కె (రిటైర్మెంట్ ఖాతా) మీద లోన్ ఉంటే ఏమవుతుంది, కొత్త కంపెనీ ఆఫర్ వద్దంటే సెవరెన్స్ (ఉద్యోగం పోయినప్పుడిచ్చే డబ్బు) వస్తుందా అనే మూడూ సంతకానికి ముందే ఈమెయిల్‌లో అడగండి. నోటిమాటగా చెప్పిన హెచ్‌ఆర్ మనిషి కూడా రేపు ఉండకపోవచ్చు. పాత ఈమెయిల్ ఏ అర్ధరాత్రయినా ఆపేయొచ్చు, జీతం స్లిప్పులు, రివ్యూలు, ట్రైనింగ్ సర్టిఫికెట్లు ముందే దించుకోండి. ఆటగాళ్ల ఫోన్ నంబర్ల లిస్టు జోలికి మాత్రం పోవద్దు, అది కంపెనీ ఆస్తి. ఈ లిస్టుల గురించి హోస్టుల మీద కేసులు పడుతుంటాయి.