శుక్రవారం పొద్దు వాలేలోగా: ఇంట్లో హల్లా రొట్టె చేయడం ఎలా?

యూదుల ఇళ్లలో శుక్రవారం సూర్యాస్తమయంతో షబ్బాత్ మొదలవుతుంది. తెలుగు బైబిల్లో విశ్రాంతి దినం అని చదివేది దీన్నే. శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా ఆచారం పాటించేవాళ్లు పొయ్యి వెలిగించరు, వంట చేయరు. తెలుగు మాట్లాడే యూదులూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ సమాజం వారికి 1991 నుంచి సొంత ప్రార్థనామందిరం ఉంది. జడలా అల్లిన హల్లా రొట్టె మాత్రం తూర్పు, మధ్య యూరప్ యూదుల ఇళ్ల నుంచి వచ్చింది. ఇప్పుడు అమెరికాలోనూ ఇజ్రాయెల్‌లోనూ శుక్రవారం రాత్రి భోజనాల బల్ల మీద ఎక్కువగా కనిపించేది ఇదే.

నాకు ఇది నేర్పింది న్యూజెర్సీలో మా పక్కింటి పెద్దావిడ. పిండి ఎంత, నీళ్లు ఎన్ని అని నేను మొదలుపెడితే ఆవిడ ఫ్రిజ్ మీద అంటించిన క్యాలెండర్ చూపించారు. అందులో ప్రతి శుక్రవారం షబ్బాత్ దీపాలు వెలిగించాల్సిన టైమ్ రాసి ఉంది. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు వెలిగించడం ఎక్కువచోట్ల ఆచారం. జెరూసలేంలో 40 నిమిషాల ముందే వెలిగిస్తారు, దానికి ఊరంతా వినబడేలా సైరన్ కూడా మోగిస్తారు. హల్లా చేయాలంటే ముందు ఆ టైమ్ చూసుకుని వెనక్కి లెక్కపెట్టుకోవాలి.

లెక్క ఇలా వేసుకోండి. కలిపి పిసకడానికి 20 నిమిషాలు, పొంగడానికి గంటన్నర, అల్లడానికి అరగంట, మళ్లీ పొంగడానికి ముప్పావుగంట, కాలడానికి అరగంట, చల్లారడానికి ఇంకో అరగంట. మొత్తం నాలుగు గంటల ఐదు నిమిషాలు అన్నమాట. జూన్‌లో న్యూజెర్సీలో ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి తొందర లేదు. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు దాటగానే దీపాల టైమ్ వచ్చేస్తుంది. అప్పుడు గురువారం రాత్రే పిండి కలిపి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచేయడం మంచిది. నెమ్మదిగా పొంగిన పిండికి రుచి కూడా ఎక్కువ.

కావలసినవి (రెండు రొట్టెలకు)

మైదా 500 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 7 గ్రాములు, పంచదార 60 గ్రాములు, ఉప్పు 9 గ్రాములు, గుడ్లు రెండు, పైన పూయడానికి ఇంకొకటి, వాసన లేని నూనె 60 మిల్లీలీటర్లు, గోరువెచ్చని నీళ్లు 180 మిల్లీలీటర్లు. పైన చల్లడానికి నువ్వులో గసగసాలో.

ఇందులో పాలు, వెన్న లేవు. మాంసాన్నీ పాల పదార్థాలనీ కలిపి తినకూడదన్నది యూదుల ఆహార నియమం. షబ్బాత్ భోజనంలో కోడికూర గానీ మాంసం గానీ ఉంటే పాలు కలిసిన రొట్టె దాని పక్కన పెట్టకూడదు. అందుకే నీళ్లు, నూనె. కొంచెం వెన్న వేస్తే ఇంకా బాగుంటుంది కదా అని వేయకండి.

కలపడం

మైదా జల్లించండి. పురుగు తినడం నిషిద్ధం కాబట్టి వాళ్లు దీన్ని శ్రద్ధగా చేస్తారు. గుడ్లు ఒక్కొక్కటిగా గాజు గ్లాసులో కొట్టి, నెత్తురు చుక్క లేదని చూసి గిన్నెలో పోయాలి. ఉంటే ఆ గుడ్డు పారేయడమే. మైదా, ఈస్ట్, పంచదార కలిపి, అందులో నీళ్లు, గుడ్లు, నూనె పోసి, ముద్ద అవుతుండగా ఉప్పు వేసి పది నిమిషాలు గట్టిగా పిసకండి. చపాతీ పిండి కన్నా కాస్త మెత్తగా, చేతికి అంటీ అంటనట్టు ఉంటే సరిపోయినట్టే. పొడిగా అనిపిస్తే ఇంకో చెంచా రెండు చెంచాల నీళ్లు చిలకరించండి.

నీళ్ల వేడి జాగ్రత్త. మొదటిసారి ఒంటరిగా చేసినప్పుడు నేను చెయ్యి చురుక్కుమనేంత వేడినీళ్లు పోశాను. ఈస్ట్ చచ్చిపోయింది. రెండు గంటలైనా ముద్ద కదల్లేదు, బయట చీకటి పడిపోతోంది, నాకేమో ఒకటే టెన్షన్. చివరికి పక్కింటావిడ తమ ఫ్రీజర్‌లోంచి రెండు రొట్టెలు తీసి పంపారు. వేలు ముంచితే హాయిగా ఉండాలి, అంతే వేడి.

ముద్దకి నూనె రాసి, తడిబట్ట కప్పి, రెండింతలయ్యేదాకా వదిలేయండి. మన ఎండాకాలంలో అయితే గంట చాలు.

హల్లా తీయడం

రొట్టెకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఇక్కడ తెలుస్తుంది. హల్లా అన్నది మొదట ఈ జడ రొట్టె పేరు కాదు, ముద్దలోంచి దేవుడికని విడదీసే భాగం పేరు. సంఖ్యాకాండము 15వ అధ్యాయంలో ఈ ఆజ్ఞ ఉంది. జెరూసలేం దేవాలయం ఉన్న రోజుల్లో ఆ భాగం యాజకులకు వెళ్లేది. సామాన్య శకం 70లో రోమన్లు దేవాలయాన్ని నాశనం చేశాక అలా ఇచ్చే వీలు లేకపోయింది. అయినా తీయడం మానలేదు. ఈనాటికీ చిన్న ఉసిరికాయంత ముద్ద తీసి, ఫాయిల్‌లో చుట్టి కాల్చేస్తారు. కాల్చే వీలు లేకపోతే రెండు పొరలు చుట్టి పారేస్తారు. ఎవరూ తినని ఆ ముక్క పేరే అందరూ తినే రొట్టెకి నిలిచిపోయింది.

పిండి తక్కువైతే ఈ విధి వర్తించదు. సుమారు 1.67 కిలోల మైదాకి పైగా కలిపినప్పుడు ప్రార్థన చదివి తీయడం చాలామంది పాటించే లెక్క. కొలతల్లో పండితుల మధ్య తేడాలున్నాయి. మా పక్కింటావిడ నెలకోసారి రెండు కిలోలు కలిపి, మిగతా రొట్టెలు ఫ్రీజర్‌లో పెట్టేవారు. పిండిముద్ద ముందు నిలబడి, ప్రార్థన చదివి, ఒక ముక్క గిల్లి పైకెత్తి "ఇదిగో, ఇది హల్లా" అని హీబ్రూలో అనేవారు. ఆ కాసేపు వంటింట్లో ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు.

ఈ విధి యూదులది. మీరు యూదులు కాకపోతే ఈ అడుగు చేయనక్కర్లేదు. ఊరికే అనుకరించకపోవడమే వాళ్లకి ఇచ్చే గౌరవమని నా అభిప్రాయం.

జడ అల్లడం

ఇంట్లో ఎవరికైనా మూడు పాయల జడ వేసి ఉంటే ఇది మీ చేతులకి వచ్చిన పనే. పిండిని ఆరు భాగాలు చేయండి, ఒక్కోటి సుమారు 150 గ్రాములు వస్తుంది. ఒక్కోదాన్ని అరచేతుల కింద దొర్లించి జానెడున్నర పొడుగు పాయలు చేయండి. నడుమ లావుగా, కొసలు సన్నగా ఉండాలి. సాగదీస్తే వెనక్కి ముడుచుకుపోతుంటే బలవంతం చేయకండి, ఐదు నిమిషాలు వదిలేస్తే అదే మాట వింటుంది. మూడు పాయల కొసలు కలిపి నొక్కి, కుడిపాయ నడుమకి, ఎడమపాయ నడుమకి వేసుకుంటూ పోవడమే. తలజడలా బిగించకూడదు. పిండి పొంగడానికి చోటు కావాలి, బిగిస్తే కాలేటప్పుడు పక్కన పగులుతుంది. చివరి కొసలు కిందికి మడిచేయండి. మిగతా మూడింటితో రెండో రొట్టె.

ఆరు పాయలతో అల్లేవాళ్లూ ఉన్నారు, దానికి మూడు నాలుగు వారాల సాధన కావాలి. యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానాకి మాత్రం జడ బదులు గుండ్రంగా చుట్టి, కిస్‌మిస్ వేసి చేస్తారు.

కాల్చడం

ట్రేలో పెట్టి ముప్పావుగంట పొంగనివ్వండి. గిలక్కొట్టిన గుడ్డు పల్చగా పూసి, పది నిమిషాలాగి మళ్లీ పూసి, గసగసాలు చల్లండి. ముందే వేడిచేసిన ఒవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు. పైన ముదురు తేనెరంగు వచ్చాక, తిప్పి అడుగున వేలితో తట్టితే డొల్లగా మోగాలి. మోగకపోతే ఇంకో ఐదు నిమిషాలు.

యూదు స్నేహితుల కోసం చేస్తుంటే ముందు వాళ్లని అడగండి. కోషర్ అనే యూదుల ఆహార నియమాలు గట్టిగా పాటించేవాళ్లు మన ఒవెన్‌లో, మన పాత్రల్లో చేసింది తినలేకపోవచ్చు. అది మన మీద చిన్నచూపు కాదు.

బల్ల మీద

రెండు రొట్టెలే ఎందుకంటే, ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారం, మన్నా, శుక్రవారం రెండింతలు దొరికిందన్న జ్ఞాపకం. మన్నా మీదా కిందా మంచు కప్పి ఉండేదని, రొట్టెల కింద పళ్లెమో గుడ్డో వేసి, పైన మరో గుడ్డ కప్పుతారు. ఆ గుడ్డ మీద చాలా ఇళ్లలో చేతికుట్టు ఉంటుంది. ఇంకో కారణం కూడా చెబుతారు. మామూలు రోజుల్లో రొట్టె ప్రార్థనే ముందు. షబ్బాత్ రాత్రి ద్రాక్షారసం ప్రార్థన ముందు జరుగుతుంది కాబట్టి, రొట్టె చిన్నబుచ్చుకోకుండా కప్పి ఉంచుతారట. ముంబై ప్రాంతపు బెనె ఇస్రాయెల్ యూదుల ఇళ్లలో ద్రాక్షారసం బదులు నల్ల కిస్‌మిస్ నానబెట్టి తీసిన షర్బత్ వాడే అలవాటుంది.

ద్రాక్షారసం అయ్యాక అందరూ చెంబుతో నీళ్లు పోసుకుని చేతులు కడుక్కుంటారు. రొట్టె నోట పడేదాకా మాట్లాడరు. ఇంటి పెద్ద గుడ్డ తీసి, రెండు రొట్టెలూ పట్టుకుని, నేలలోంచి ఆహారం రప్పించే దేవుణ్ణి స్తుతించి, ఒకటి కోసి, ఉప్పు అద్ది అందరికీ ఇస్తారు.

మిగిలింది మూడో రోజుకి గట్టిపడుతుంది. అప్పుడు పారేయకండి. మందంగా కోసి, గుడ్లలో ముంచి, పెనం మీద నూనెతో రెండువైపులా ఎర్రగా కాల్చుకుంటే ఆదివారం పొద్దున టిఫిన్ అయిపోతుంది.